తాడ్వాయిలో కూలిన అడవి: ఎత్తేయాలా, వదిలేయాలా?

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రెండు మూడు రోజులు అందరి కళ్లూ ఖమ్మంలో మున్నేరు మీద, విజయవాడలో బుడమేరు మీద ఉన్నాయి. అదే 31వ తేదీ సాయంత్రం ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య అడవి మీద గాలి విరుచుకుపడి వేల చెట్లను నేలకూల్చిన సంగతి బయటికి రావడానికి కొన్ని రోజులు పట్టింది. తొలి అంచనా 500 ఎకరాలు, 50 వేలకు పైగా చెట్లు. సర్వే లోపలికి వెళ్లేకొద్దీ చెట్ల లెక్క ఇంకా పెరిగింది. ఊళ్ల మీద పడకుండా గాలి అడవితోనే ఆగిపోయింది. సమ్మక్క సారలమ్మ తల్లులే కాపాడారని మేడారం చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు.

డ్రోన్ ఫొటోలు బయటికొచ్చిన వెంటనే మూడు మాటలు వినిపించాయి. కలప పాడైపోకముందే తీసి వేలం వేయాలని కొందరు. మొత్తం శుభ్రం చేసి కొత్త మొక్కలు నాటాలని ఇంకొందరు. ఏమీ ముట్టుకోకుండా వదిలేయాలని చెప్పినవాళ్లు తక్కువ. చెదిరిన అడవులను మళ్లీ నిలబెట్టే పనిలో ఉన్నవాడిగా నేనూ, నాతోపాటు పనిచేసేవాళ్లూ ఆ ప్రాంతం నడిచి చూసి ఒక నోట్ రాశాం. అందులో చెప్పింది మూడో మాటకు దగ్గరగా ఉంటుంది, కానీ అదే కాదు. కలపను వదిలేయండి, నిప్పును మాత్రం వదలకండి అని చెప్పాం. అలా ఎందుకు చెప్పామో వివరించడానికే ఈ రాత.

ఇది ఎలాంటి అడవి

ఏటూరునాగారం అభయారణ్యం సుమారు 806 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. 1950ల మొదట్లోనే రక్షణ పొందిన అడవి, దేశంలోని పాత అభయారణ్యాల్లో ఒకటి. ఒక పక్క గోదావరి. లోపల దయ్యం వాగు అడవిని దాదాపు రెండు ముక్కలు చేస్తూ పారుతుంది. మేడారం పక్కనుంచి వెళ్లే జంపన్న వాగు కూడా చివరికి గోదావరిలోనే కలుస్తుంది. వాగుల ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, గట్ల మీద టేకు, నల్లమద్ది, తిరుమాను, ఇప్ప, తునికి, మధ్యమధ్య వెదురు.

పాత అడవి అంటే మనిషి అడుగుపెట్టని చోటని చాలామంది అనుకుంటారు. తాడ్వాయి మండలంలోని దామరవాయి దగ్గర ఇసుకరాతి పలకలతో కట్టిన పెద్దరాతి యుగపు సమాధులు వరుసగా ఉన్నాయి. ఊళ్లో వాటిని రాక్షస గుళ్లు అంటారు. అంటే ఈ అడవిలో మనుషులు రెండు వేల ఏళ్లకు ముందునుంచే ఉన్నారు. కోయవాళ్ల ఇప్పపువ్వు, తునికాకు, చీపురు పుల్ల, తేనె అన్నీ ఇక్కడివే. కలప కోతా జరిగింది, మంటలూ వచ్చాయి. అయినా పాతదనం పోలేదు. దుక్కి పడని నేల అడుగున వేరు బతికే ఉంటుంది. ఇప్పుడు నిలబడ్డ టేకు మాను వయసు అరవై డెబ్బై ఏళ్లుంటే, దాని మొదలు అంతకు ముందే ఒకటి రెండుసార్లు నరుకు పడి మళ్లీ చిగిర్చింది కావచ్చు. తునికి వేరుదీ అంతే. మాను పడినంతమాత్రాన అడవి పడిపోయినట్టు కాదని మేం చెప్పడానికి ఆధారం ఇదే.

గాలి ఏం చేసింది

కూలిన చెట్టును చూసేటప్పుడు మొదట రెండు విషయాలు రాసుకుంటాం. ఎటు పడింది, ఎక్కడ తెగింది. దిక్సూచి పెట్టి మాను తల ఎటుందో నమోదు చేస్తే గాలి సంగతి కొంత తెలుస్తుంది. టోర్నడో లాంటి సుడిగాలి అయితే సన్నని దారి వెంట చెట్లు లోపలి వైపుకు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. మేఘంలోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి నేలను కొట్టి పరుచుకునే డౌన్‌బరస్ట్ అయితే పెద్ద విస్తీర్ణంలో చెట్లన్నీ ఒకే వైపుకు, లేదా విసనకర్రలా విచ్చుకుంటూ పడతాయి. మేం నడిచిన చోట్ల ఎక్కువ భాగం రెండో రకంలా ఉంది. మధ్యలో చిక్కుముడిలా పడిన చోట్లూ ఉన్నాయి కానీ నా మొగ్గు డౌన్‌బరస్ట్ వైపే.

వేళ్లతో సహా లేచిపోయిన చెట్లు, నడుము విరిగిన చెట్లు, వంగి నిలిచినవి, చెక్కుచెదరనివి అని నాలుగు రకాలుగా విడదీశాం. ఇక్కడి చెట్లకు వేళ్లు లోతుకు పోలేదు, అందుకే పడ్డాయని బాగా ప్రచారమైంది. అందులో నిజం ఉంది కానీ అదేదో చెట్టు లోపమన్నట్టు మాట్లాడటం నాకు నచ్చలేదు. కింద రాతి పలక ఉన్న చోట వేరు పక్కలకే పోతుంది, ఇంకెటు పోతుంది? దానికితోడు ఆ వారమంతా వాన. నేల నీళ్లు తాగి మెత్తబడి ఉన్నప్పుడు వేరుకు పట్టు దొరకదు. అదే గాలి ఏప్రిల్‌లో వచ్చి ఉంటే వేళ్లతో లేచిన చెట్లు తక్కువ, నడుము విరిగినవి ఎక్కువ ఉండేవి.

మూడు నెలల తర్వాత, డిసెంబర్ 4 ఉదయం, ఇదే ప్రాంతం కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాంతో చెట్లు కూడా భూమి లోపలి కదలిక వల్లే పడ్డాయని వాట్సాప్‌లో తిరిగింది. చెట్లన్నీ ఆకు ఉన్న పైభాగం బరువుతో గాలి వాటుకే ఒరిగాయి. భూకంపానికి అలా పడవు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

చట్టం ఏమంటుంది

కలప వేలం వేయాలన్న మాట మీద ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఇది రిజర్వు ఫారెస్టు మాత్రమే కాదు, అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోంచి ఏ అటవీ ఉత్పత్తినైనా తీయాలంటే, అది అక్కడి వన్యప్రాణుల మేలుకు, మెరుగైన నిర్వహణకు అవసరమని తేలాలి. అలా తీసినా చుట్టుపక్కల ఊళ్లవాళ్ల సొంత అవసరాలకు ఇవ్వవచ్చు తప్ప వ్యాపారానికి వాడకూడదు. దీని పైన, అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. జాతీయ పార్కులు, అభయారణ్యాల్లో ఎండిన, జబ్బుపడిన, చనిపోతున్న చెట్లనే కాదు, గాలికి పడిన చెట్లను కూడా తీయించవద్దని అందులో ప్రత్యేకంగా ఉంది.

చట్టం ఒప్పుకోదు కాబట్టి వదిలేయడం వేరు, వదిలేయడమే మంచిదని తెలిసి వదిలేయడం వేరు. మొదటి రకంగా వదిలేస్తే మనసులో అయ్యో టేకంతా మట్టిపాలవుతోందే అన్న బాధ మిగిలిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దారి వెతుకుతారు. కలప తీయడమంటే మానులే తీయడం కాదు. ట్రాక్టరుకు దారి కొట్టాలి, దుంగల్ని ఈడ్చాలి. ఈడ్చిన ప్రతి గాడిలో చిగిర్చబోయే వేళ్లు చితికిపోతాయి, వాన పడితే పైమట్టి వాగులోకి పోతుంది. పని అయిపోయాక ఆ దారులు ఎక్కడికీ పోవు. రాత్రిపూట ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లకు అవే రోడ్లు.

ఇంకో చిన్న విషయం, రంపం పట్టేవాళ్లకు తెలుస్తుంది. వేళ్లతో లేచి పడిన చెట్టు మానును మొదలు దగ్గర కోస్తే, బరువు తగ్గిన వేరు పలక ఒక్కసారిగా వెనక్కి లేచి గుంతలో కూర్చుంటుంది. కింద మనిషి ఉంటే అంతే సంగతులు. మనిషి లేకపోయినా గుంత మూసుకుపోతుంది. ఆ గుంతలో వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి, పక్కనే లేచిన మట్టిదిబ్బ మీద కొత్త విత్తనం పడుతుంది. చదునుగా ఉన్న అడవి నేల ఎగుడుదిగుడు అయ్యేది ఇలాంటి గాలులకే.

పడిన మాను మీద బతికేవాళ్లు

నష్టం నిజమే. తొర్రలున్న పెద్ద చెట్లు పోయాయి. గుడ్లగూబలు, చిలకలు, గోరింకలు, హార్న్‌బిల్‌లు తొర్రల మీదే ఆధారపడతాయి. హార్న్‌బిల్ ఆడపక్షి ఎండాకాలంలో తొర్రలో దూరి, తొర్ర మూతిని మూసుకుని, మగపక్షి సన్నని సందులోంచి తెచ్చిపెట్టే తిండితో గుడ్లు పొదుగుతుంది. సరైన తొర్ర దొరకకపోతే ఆ ఏడు ఆ జంటకు పిల్లలు లేనట్టే. కొండముచ్చులకు, ఉడుతలకు కొమ్మల మీది దారి తెగిపోయింది. నేల మీదికి దిగితే చిరుత ఉంటుంది.

మరో పక్క చూస్తే, నడుము విరిగి నిలబడ్డ మోళ్లను ఎవరూ కొట్టేయకుండా ఉంటే కొన్నేళ్లలో అవే కొత్త తొర్రలు. వడ్రంగిపిట్ట మెత్తబడిన మోడునే తొలుస్తుంది. అది వదిలేసిన రంధ్రంలోకి మిగతావి వస్తాయి. అందుకే మా నోట్‌లో ఎవరూ ఊహించని వాక్యం ఒకటి పెట్టాం. విరిగిన మోడు నిలబడి ఉంటే దాన్ని బతికున్న చెట్టుతో సమానంగా లెక్కించండి అని.

కింద పడిన దుంగ మొదటి ఏడు బెరడు పురుగులకు, రెండో ఏడు నుంచి చెదలకు, పుట్టగొడుగులకు. టేకు చేవ అంత తొందరగా లొంగదు, దశాబ్దాలు పడుతుంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క మాత్రం త్వరగా పోతుంది. చెదలు చేరిన చోటికి ఎలుగుబంటి వస్తుంది, అలుగు వస్తుంది. దుంగల సందుల్లో ఉడుములు, పాములు, ముళ్లపందులు. మాతో నడిచిన కోయ పెద్దాయన ఒక దుంగ మీది బెరడు చీలికలు చూపించి, ఇది ఎలుగు గోరు, ఇది మాత్రం గొడ్డలి అని విడదీసి చెప్పాడు. ఆ రెండో గుర్తును ఫారం మీద రాసుకోవాల్సి వచ్చింది.

పైకప్పు తెరుచుకుని ఎండ పడటంతో గడ్డి లేచింది. దుప్పులు, మనుబోతులు అంచుల దాకా వచ్చి మేస్తున్నాయని పెంటికలు, అడుగుల గుర్తులు చెబుతున్నాయి. లోపలికి మాత్రం పోలేవు. అడ్డదిడ్డంగా పడిన కొమ్మల మధ్య దుప్పి పరిగెత్తలేదు, పరిగెత్తలేని చోటికి అది వెళ్లదు. దీనివల్ల లోపలి మొలకలు మేతకు బలికాకుండా ఎదుగుతున్నాయి. మనం డబ్బు పెట్టి వేసే కంచె పని పడిన కొమ్మలు ఉచితంగా చేస్తున్నాయి. గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి అప్పుడప్పుడు ఇటు దాటే పులికి కూడా కూలిన ఈ చోటు పెద్ద అడ్డంకి కాదు, చుట్టూ నిలిచిన అడవి ఉంది.

పురుగు భయం

ఎండిన చెట్లు వదిలేస్తే పురుగు పుట్టి మిగతా అడవిని తినేస్తుందన్న వాదన చదువుకున్నవాళ్ల నుంచే వచ్చింది. వాళ్లు చెప్పే ఉదాహరణలు రెండు. ఒకటి 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల అడవుల్లో వచ్చిన తొలిచే పురుగు. అది సాల చెట్టు పురుగు, తాడ్వాయిలో సాల అడవి లేదు. రెండోది జర్మనీలోని బవేరియన్ ఫారెస్ట్ జాతీయ పార్కు. అక్కడ 1983లో తుపాను గాలికి పడిన స్ప్రూస్ చెట్లను ఉన్నచోటే వదిలేయాలని నిర్ణయించారు. తర్వాతి కాలంలో బెరడు పురుగు విజృంభించి వేల హెక్టార్లలో పెద్ద చెట్లు ఎండిపోయాయి, చుట్టుపక్కల జనం గొడవ చేశారు. కథ అక్కడితో ఆపి చెబుతారు. ఆ ఎండిన మానుల కిందే మనిషి నాటకుండా కొత్త అడవి దట్టంగా లేచింది. పైగా అది ఒకే జాతి చెట్లు కిక్కిరిసిన అడవి. ఇక్కడ టేకు ఎక్కువే అయినా పక్కన మద్ది, దాని పక్కన తునికి, ఆ పక్కన ఇప్ప. ఒక పురుగు అన్నిటినీ తినదు.

అసలు టెన్షన్ నిప్పే

నోట్‌లో సగానికి పైగా పేజీలు దీనికే పోయాయి.

ఎండిన పుల్ల ఎంత లావుంటే అంత నెమ్మదిగా ఆరుతుంది. 6 మిల్లీమీటర్ల కంటే సన్నని పుల్ల, ఆకు గంట రెండు గంటల్లో గాలిలోని పొడిని అందుకుంటాయి. 7.5 సెంటీమీటర్లు దాటిన దుంగకు వెయ్యి గంటల లెక్క వేస్తారు, అంటే 40 రోజులకు పైమాటే. మంటను మోసుకుపోయేది సన్న సరుకే. పెద్ద దుంగ మంటను పరిగెత్తించదు, కానీ ఒకసారి అంటుకుంటే రోజుల తరబడి రాజుతూ కింద మట్టిని, వేళ్లను కాల్చేస్తుంది. మామూలు ఏడాది టేకు అడవిలో మంట మోకాలెత్తులో ఆకు మీద పాకుతూ పోతుంది. దాన్ని చాలా చెట్లు తట్టుకుంటాయి. దుంగల మంటను ఏ వేరూ తట్టుకోదు. ఏ వేరును నమ్ముకుని మేం ఈ అడవిని వదిలేయమంటున్నామో ఆ వేరే పోతుంది.

కాబట్టి 2025 వేసవే అన్నిటికన్నా ప్రమాదమని నోట్‌లో చెప్పాం. అప్పటికి ఆకు, సన్న కొమ్మ అన్నీ మానులకే వేలాడుతూ, గాలి ఆడేలా నేలకు పైకి ఉన్నాయి. రెండో వానాకాలం తర్వాత అవి నేలకు అణిగి, చెమ్మ పట్టి, కొంత మట్టిలో కలుస్తాయి. ముప్పు అప్పటికీ పోదు, తగ్గుతుంది.

కూలిన ప్రాంతం లోపలికి మంట ఆర్పడానికి మనిషిని పంపకూడదన్నది మా మొదటి షరతు. మామూలు అడవిలో వాచర్లు ఆకుల బ్లోయర్, పచ్చికొమ్మ పట్టుకుని మంట పక్కనే నడుస్తూ ఆర్పుతారు. ఇక్కడ గాలి తిరిగితే పారిపోవడానికి దారి లేదు. అందుకని కాపలా అంతా చుట్టూ పెట్టమన్నాం. వాగు గట్టు, బండ్ల బాట, రోడ్డు ఎక్కడెక్కడ సహజంగా అడ్డుకట్టలా ఉన్నాయో చూసి వాటిని కలుపుతూ ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఆకు ఊడ్చిన ఖాళీ పట్టీలు వేయాలి, జనవరి లోపు శుభ్రం చేయాలి, ఆకు రాలేకొద్దీ మళ్లీ మళ్లీ ఊడ్వాలి. ఒకసారి ఊడ్చి వదిలేసిన లైను మార్చిలో ఉన్నా లేనట్టే. లైనుకు ఆనుకుని లోపల కొద్ది మీటర్ల వరకు సన్న కొమ్మలు కొట్టి నేలకు అణచడానికి ఒప్పుకున్నాం. దుంగల్ని కదపకుండా, సరుకు బయటికి పోకుండా.

ఉపగ్రహం హెచ్చరిక ఉందిగా అంటారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే మెసేజ్ పనికొస్తుంది, కాదనను. కానీ ఉపగ్రహం మీదుండి మంట వేడిని పట్టే వీర్స్ సెన్సర్ చూపే ఒక చుక్క అంటే 375 మీటర్ల గడి, అదీ ఉపగ్రహం పైనుంచి దాటినప్పుడే. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్న మంట సాయంత్రానికల్లా ఎటు పోయిందో మంచె మీది మనిషి చెప్పాల్సిందే.

నిప్పు ఎవరు పెడతారన్నది అందరికీ తెలిసిన విషయమే, ఎవరూ కాయితం మీద రాయరు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు కాలిస్తే ఏరుకోవడం సులువు. తునికి కొత్త చిగురు బాగా రావాలని పొదలు కాలుస్తారు. కేసులు పెడితే మంట రాత్రికి మారుతుంది, అంతే. ఇప్పచెట్టు ఎవరిదో ఊరికి తెలుసు. ఆ కుటుంబంతో మాట్లాడి, చెట్టు కింద ఊడ్చుకోవడానికో, పాత చీరో వలో పరుచుకోవడానికో సాయం చేస్తే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వలలో పడిన పువ్వుకు మట్టి అంటదు కాబట్టి ధర కూడా మెరుగు. కూలిన ప్రాంతం చుట్టూ ఉన్న ఇప్పచెట్లను ముందుగా గుర్తించమని, మొత్తం మండలం సంగతి తర్వాత చూసుకోవచ్చని రాశాం.

నాటాలా?

వద్దు. కనీసం మూడు వానాకాలాలు ఆగండి అన్నాం. గుంత తవ్వాలంటే దుంగ తీయాలి, కూలీలు తిరగాలి, నర్సరీ సంచితోపాటు కలుపు విత్తనం వస్తుంది. అదీ కాక నర్సరీలో దొరికేది నాలుగైదు రకాలే. తునికి, తిరుమాను మొక్కలు వేలల్లో ఎవరు పెంచుతారు?

వేరు సగం నేలలోనే ఉండిపోయిన చెట్లు పడుకునే చిగిర్చాయి. విరిగిన టేకు మొదళ్ల నుంచి గుత్తులుగా పిలకలు లేచాయి. తునికి వేళ్ల వెంట దూరదూరంగా కొత్త మొక్కలు పుట్టుకొచ్చాయి. వెదురు సందు దొరికితే ఆగదు. చిగురు అన్ని చోట్లా సమానంగా లేదు. రాతి పలక బయటపడ్డ చోట మట్టే లేదు, అక్కడ ఏళ్ల తరబడి గడ్డే ఉండొచ్చు. ఉండనివ్వండి, ఆ గడ్డినీ తినేవి ఉన్నాయి.

చేయాల్సిన పని ఒకటి మాత్రం ఉంది, లాంటానా అనే కలుపు పొదను తీసేయడం. ఎండ పడిన చోట అది అందరికంటే ముందుంటుంది. పైకి కొట్టేస్తే రెట్టింపు లేస్తుంది. నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద తల్లివేరు తెంచి, పొదను తలకిందులుగా పడేయాలి. కాయ పండకముందే చేయాలి. ఎక్కడ వెతకాలో కూడా పిట్టలే చెబుతాయి. మోడు పైన పికిలిపిట్ట కూర్చుని రెట్ట వేసిన చోటే కింద మొలక ఉంటుంది. రోడ్డు అంచు నుంచి వయ్యారిభామ వస్తుంది కానీ నీడ పడేకొద్దీ అదే తగ్గుతుంది, దాని మీద కూలి డబ్బు పెట్టొద్దన్నాం.

రోడ్డు పక్కన

తాడ్వాయి నుంచి మేడారం పోయే రోడ్డు పక్కన ఉన్న పట్టీ దగ్గర మాత్రం మా బృందంలోనే మాట కలవలేదు. మామూలు రోజుల్లో పెద్దగా జనం లేని ఈ రోడ్డు మీద మహాజాతరకు కోటి దాటిన జనం కదులుతారు. 2025 ఫిబ్రవరిలో మినీ మేడారం, 2026 జనవరి 28 నుంచి 31 వరకు మహాజాతర. వచ్చినవాళ్లు చెట్ల కింద దిగుతారు, కోడిని కోస్తారు, మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. ఎండిన కొమ్మ చేతికందేంత దూరంలో ఉంటే పొయ్యిలోకి వెళ్లకుండా ఉంటుందా? అది తప్పని బోర్డు పెట్టి ప్రయోజనం లేదు.

ఒక సహచరుడి వాదన: ఒక్క పుల్ల తీసినా దానికి అంతుండదు, రోడ్డు పట్టీ పేరుతో లోపలి టేకు బయటికొస్తుంది, కాపలా పెంచడమే దారి. నా వాదన: రోడ్డుకు ఆనుకున్న సన్నని పట్టీలో చేతికందే కొమ్మలను జాతరకు ముందే తీసి, 29వ సెక్షన్ ఒప్పుకునే విధంగా అనుమతి తీసుకుని పక్క ఊళ్లవాళ్లకు వంటచెరుకుగా ఇచ్చేయాలి. మాను, మోడు, తొర్ర దుంగ మాత్రం ముట్టకూడదు, వాటికి ముందే రంగు వేసి నంబరు రాయాలి. ఆ పట్టీ వెడల్పు ఎంతన్నది ఆఫీసులో కూర్చుని కాకుండా రోడ్డు మీద నడుస్తూ, ఎక్కడ జనం దిగుతారో అక్కడ కొలవాలి. నోట్‌లో రెండు వాదనలూ పక్కపక్కనే పెట్టాం. నేను చెప్పిన పద్ధతి హద్దు దాటకూడదంటే ఏం చేయాలో కూడా రాశాం. కొమ్మ ట్రాక్టరు ఎక్కకూడదు, ఎడ్లబండి, నెత్తిమూట మాత్రమే. సాయంత్రం ఐదు తర్వాత ఏదీ కదలకూడదు. నంబరు వేసిన దుంగల్లో ఒక్కటి తగ్గినా ఆ పట్టీలో పని మొత్తం ఆగిపోవాలి.